దాతగారు తీసుకోని కంబళి

శనివారం మా బడికి పిల్లలు పుస్తకాల సంచులు తేరు. పుస్తకాలు ఉండవు కాబట్టి ఆ రోజు వాళ్ళకు మంచి గుణాలు నేర్పమని పైనుంచి మాట. దయ, ఇచ్చే గుణం, కృతజ్ఞత. "మిగతా వారమంతా చెడ్డ గుణాలు నేర్పుతున్నామా సార్?" అని మా హెడ్మాస్టరు గారిని అడిగితే, "మీకు నోరెక్కువ మేడమ్" అన్నారు. నిజమే, ఎక్కువే. భాగహారమైతే నేను నేర్పగలను. సగం మందికి వస్తుంది, మిగతా సగానికి పైతరగతిలో ఎప్పుడో వస్తుంది. దయ ఎట్లా నేర్పాలో మా ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు.

నేను ఉండేది హిందూపురంలో. మా ఆయన వాళ్ళకు చింతపండు మండీ ఉంది. ఇంట్లో ఎక్కడ కూర్చున్నా పులుపు వాసన వస్తుంది, నా మాటకు కూడా ఆ వాసనే అంటుకుందని మా ఆయన అంటాడు. పొద్దున్నే బస్సెక్కి పెనుకొండలో దిగి, అక్కడినుంచి షేర్ ఆటోలో కొండ అవతలి పల్లెకు పోతాను. ఆ పల్లెలో కొందరు వేరుశనగ పండిస్తారు. ఎక్కువమందికి గొర్రెలే ఆధారం. వయసు పిల్లలు కొందరు ఈ మధ్య కార్ల ఫ్యాక్టరీ వైపు పనికి పోతున్నారు. బడిలో నాకు అప్పగించింది అయిదో తరగతి.

శనివారం పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి ఒక్కొక్కరిని రెండు ప్రశ్నలు అడిగేదాన్ని. ఈ వారం నీకు ఎవరేమిచ్చారు? నువ్వు ఎవరికి ఏమిచ్చావు? మొదట్లో నన్ను మెప్పించడానికి అబద్ధాలు చెప్పేవాళ్ళు. ఒకడు వారం వారం ఒక అవ్వను రోడ్డు దాటించేవాడు. ఆ ఊళ్ళో ఉన్నదే ఒక రోడ్డు, దానిమీద వచ్చేవి గొర్రెలు. "ఆ అవ్వకు అవతలి పక్క అంత పనేముందిరా?" అని అడిగితే క్లాసంతా పకపకా నవ్వింది. వాడూ నవ్వాడు. పై వారం నుంచి మానేశాడు.

అబద్ధం అవసరం లేనిది ఆ క్లాసులో ఒక్క పిల్లే. తల్లీతండ్రీ గొర్రెల మందను తోలుకుని మేత ఉన్నచోటికల్లా పోతుంటారు, ఏడాదిలో సగం రోజులు ఊళ్ళో ఉండరు. పిల్ల అవ్వ దగ్గర ఉంటుంది. దాని జేబులో ఏదీ సాయంత్రం దాకా నిలవదు. రేగ్గాయలు తెస్తే అందరికీ, కాల్చిన శనక్కాయలు తెస్తే అందరికీ. సీతాఫలాల కాలంలో నా టేబుల్ మీద చీమల బాధ పడలేక తిట్టిన రోజులున్నాయి. ఇవ్వడమే కాదు, తీసుకోవడంలో కూడా దానికి సిగ్గూ ఎగ్గూ లేదు. పక్కపిల్ల పెన్సిలు కావాలంటే చెయ్యి చాపి తీసుకుంటుంది. మర్నాడు పెన్సిలు తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం దాంతోపాటు ఇన్ని శనక్కాయలో, ఒక చింతకాయో ఉంటుంది. ఉత్త పెన్సిలు ఎప్పుడూ ఇవ్వదు.

అది నాకు కొత్తేమీ కాదు. హిందూపురంలో మా అత్త చేసేదీ అదే. పక్కింటివాళ్ళు పండక్కి ఓళిగలు చేసి డబ్బాలో పెట్టి పంపితే, ఆ డబ్బా మా ఇంట్లోంచి ఖాళీగా బయటికి పోదు. ఏమీ లేకపోతే చక్కెరైనా వేసి ఇస్తుంది. ఖాళీ గిన్నె తిప్పి పంపితే ఆ ఇంటితో రాకపోకలు తెగిపోతాయని ఆమె నమ్మకం. కాబట్టి ఆ పిల్ల ఎందుకట్లా చేస్తుందో నేను ఎప్పుడూ అడగలేదు. చూసి సంతోషపడేదాన్ని, అంతే. వీళ్ళలో ఒక్కదానికైనా నేను నేర్పాల్సిన పని లేదు అనుకునేదాన్ని.

చలికాలం మొదట్లో హెడ్మాస్టరు గారు ఒక శుభవార్త తెచ్చారు. ధర్మవరంలో పట్టుచీరల అంగడి ఉన్న ఒకాయన, చనిపోయిన తల్లి పేరున ఏటా ఏదో ఒక బడి పిల్లలకు స్వెటర్లు పంచుతాడట. ఈ ఏడు మా బడి. ఒక చిన్న సభ, నాలుగు ఫోటోలు, పిల్లల తరఫున ఒకరు కృతజ్ఞతలు చెప్పాలి. "శనివారం క్లాసు మీదే కదా, తయారు చేయండి మేడమ్" అన్నారు.

ఎవరు చెప్పాలో వెతుక్కునే పని లేదు. గొర్రెల వెనక అరిచి అరిచి ఆ పిల్ల గొంతు మైకు అక్కర్లేకుండా పారుతుంది. చెప్పాల్సిన వాక్యం హెడ్మాస్టరు గారే రాసి ఇచ్చారు. "చలి బారి నుండి మమ్మల్ని కాపాడుటకు స్వెటర్లు అందజేసిన దాతగారికి మా హృదయపూర్వక ధన్యవాదములు." ఆ వాక్యం పలికితే ఎవరికైనా చలి వేస్తుంది. అయినా పిల్ల ఒక్కరోజులో బట్టీ పట్టేసింది. పట్టినాక అడిగింది.

"ఆయప్పకు మనం ఏమిస్తాం మేడమ్?"

"ధన్యవాదాలు చెప్తున్నావు కదమ్మా."

"అది మాట కదా మేడమ్. చేతికేమిస్తాం?"

"చప్పట్లు" అన్నాడు రోడ్డు దాటించేవాడు. అందరూ నవ్వారు, ఆ పిల్ల తప్ప. అది నా మొహం వైపే చూస్తూ నిలబడింది. నాకు ఆ ప్రశ్న ఎంత నచ్చిందో చెప్పలేను. ఇన్ని శనివారాలుగా గుండ్రంగా కూర్చోబెట్టి ఏ మాట కోసం తిప్పలు పడుతున్నానో అదే అది అడిగింది. "మీ అవ్వను అడుగు" అన్నాను.

సభకు ముందురోజు అవ్వ బడికే వచ్చింది. చంకలో ఒక నల్ల కంబళి. ఉన్ని తాను వడికిందట, ముసలాయన బతికున్నప్పుడు గుంతమగ్గం మీద నేశాడట. ఆయన పోయినాక మగ్గం మూలన పడింది. ఆయన చేతివి ఇంట్లో రెండే మిగిలాయి. ఒకటి ఆమె కప్పుకునేది, రెండోది ఇది. "మా పెండ్లిండ్లలో పెండ్లికొడుకును దీనిమీదనే కూర్చోబెడ్తాం టీచరమ్మా. ఇంగ దీనికన్నా మంచిది మా ఇంట్లో ల్యా. నా మనవరాలికి ఉన్ని అంగీ ఇస్తాండాడంట గదా, ఆయప్పకు ఉన్నిదే ఇద్దామని" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహంలో ఎంత తృప్తి ఉందో. ఉన్నికి ఉన్ని. వియ్యానికి వియ్యం సరిపోయినట్టు.

హెడ్మాస్టరు గారు తల పట్టుకున్నారు. "ఆయన ఇవ్వడానికి వస్తున్నాడు మేడమ్, తీసుకోవడానికి కాదు. మళ్ళీ ఒకామె ఇస్తే రేపు ఇంకొకామె కోడిని తెస్తుంది." తెస్తే తేనీయండి సార్ అన్నాను. చాలాసేపు వాదించాను. నా నోటికి జడిసో, ఆటోకు టైమయిందనో, చివరికి ఆయన ఒప్పుకున్నారు. ఫోటోలన్నీ అయిపోయినాక, ఆఖర్లో.

ధర్మవరం దాత వచ్చాడు. నేను ఊహించుకున్న మనిషి కాదు. తెల్లచొక్కా, కాళ్ళకు మామూలు చెప్పులు. దండ వేయబోతే వద్దన్నాడు. పెద్దకుర్చీలో కూర్చోమంటే పిల్లల ముందు నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఒక్కొక్క పిల్లకూ తనే స్వెటరు తొడిగి, బొత్తాలు పెట్టి, చెంప మీద చెయ్యి పెట్టి పంపాడు. అందరికీ ఒకటే రంగు, కుంకుమ ఎరుపు. మా పిల్ల స్వెటరు వేసుకుని, రెండు చేతులూ దాని జేబుల్లో పెట్టుకుని, హెడ్మాస్టరు గారి వాక్యం ఒక్క తప్పు లేకుండా చెప్పింది. జేబులోంచి చేతులు తియ్యమని నేను సైగ చేసినా తియ్యలేదు. అంత వెచ్చటి జేబులు దొరికితే ఎవరు తీస్తారు?

అప్పుడు అవ్వ లేచింది. మనవరాలిని పక్కన పెట్టుకుని, కంబళి రెండు చేతుల మీద పరిచి, ఆయన ముందుకు వచ్చి నిలబడింది. ఆయన గబాలున లేచి చేతులు జోడించాడు.

"వద్దవ్వా. మీ కాడ నేను తీసుకోకూడదు."

"నీకోసమే తెచ్చినా నాయనా. నా మొగుడు నేసింది."

"మీరు కప్పుకోవాల, నేను చూసి సంతోషపడాల" అని ఆయన ఆ కంబళిని ఆమె చేతుల్లోంచి తీసుకుని, మడత విప్పి, ఆమె భుజాల చుట్టూ కప్పాడు. ఎంత జాగ్రత్తగా కప్పాడో, సొంత తల్లికి కప్పినట్టే. వంగి కాళ్ళకు దండం పెట్టాడు. ఎవరో ఫోటో తీశారు. పిల్లలు, టీచర్లు, గేటు దగ్గర నిలబడిన తల్లులు అందరూ చప్పట్లు కొట్టారు. హెడ్మాస్టరు గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "చూశారా మేడమ్, ఎంత పెద్ద మనసో" అన్నారు నా చెవిలో.

నేను అవ్వనే చూస్తున్నాను. ఆమె కదల్లేదు. మిట్టమధ్యాహ్నం ఎండలో కంబళి కప్పుకుని, చప్పట్ల మధ్య, ఏదో తప్పు చేసి దొరికిన మనిషిలా నిలబడింది. మనవరాలు ఆమె కొంగు పట్టుకుని లాగుతోంది. "తీసుకోల్యా అవ్వా? ఎందుకు తీసుకోల్యా?" అని ఆ మైకు అక్కర్లేని గొంతుతో అడుగుతూనే ఉంది. చప్పట్లలో ఎవరికీ వినపడలేదు. నాకు వినపడింది. పోయి ఏదైనా చెప్పాలనుకున్నాను. పోకుండా పిల్లల్ని వరసలో నిలబెట్టే పని పెట్టుకున్నాను.

సోమవారం ఆ పిల్ల స్వెటరును చక్కగా మడిచి తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. "మా అవ్వ ఇచ్చేసి రమ్మనింది" అని పోయి కూర్చుంది. క్లాసంతా ఎర్రెర్రగా ఉంది, మధ్యలో అదొక్కటే పలుచని యూనిఫారంలో. ఆ ఏడు చలి కూడా మా మీద కక్షగట్టింది. పొద్దున కొండ మీదనుంచి దిగే గాలికి నేనే కొంగు కప్పుకుని పాఠం చెప్పేదాన్ని. ఇంక నాకు కావాల్సింది ఒక్కటే. ఆ స్వెటరు ఎట్లాగైనా మళ్ళీ ఆ పిల్ల ఒంటిమీదికి రావాలి.

ఆ సాయంత్రమే వాళ్ళింటికి పోయాను. అవ్వ మంచం వాల్చింది, మజ్జిగ ఇచ్చింది. మర్యాదకేమీ తక్కువ చేయలేదు. విషయం ఎత్తగానే మాత్రం మొహం తిప్పేసుకుంది.

"మన కాడ తీసుకోనోని కాడ మనం తీసుకోగూడదు టీచరమ్మా. తీసుకుంటే అది అడుక్కున్నట్టు."

"మరి బడిలో అన్నం తింటోంది కదా, గుడ్డు తింటోంది కదా. సర్కారు మీ దగ్గర ఏం తీసుకుందని?"

"ఓటేస్తాండాం కదా" అంది. నవ్వలేదు. నిజంగానే అంది.

నేను ఇంకో దారి పట్టాను. స్వెటరు నేను కొనిస్తాను, ఆ కంబళి నేను తీసుకుంటాను, నాకేమీ అభ్యంతరం లేదన్నాను. ఆమె చాలాసేపు ఆలోచించింది. నాకు ఆశ పుట్టింది.

"అది ఆయప్ప పేరు చెప్పి తీసిపెట్టింది. ఒకరి పేరు చెప్పినాక ఇంగొకరికి ఎట్లిస్తారు? నీకు ఇచ్చేదానికి నా కాడ వేరేది ల్యా."

"మజ్జిగ ఇచ్చావు కదవ్వా. అది చాలు నాకు."

"మజ్జిగ దోవన పొయ్యేటోళ్ళకు గూడా ఇస్తాం. దాన్ని చూపిచ్చి నేను అంగీ తీసుకుందునా?"

నాకు ఒళ్ళు మండింది. పసిబిడ్డ వణుకుతుంటే నీ పంతం ఏమిటి అని గట్టిగానే అన్నాను. అవ్వ లేచింది. లోపల్నుంచి తాను కప్పుకునే కంబళి తెచ్చి, గుమ్మంలో కూర్చున్న మనవరాలికి కప్పింది. ఆ ముతక కంబళి కప్పుకుని బడికి రావడం దానికి ఇష్టం లేదు. రాదు కూడా. ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. నేను చెప్పులేసుకుని ఆటో కోసం రోడ్డు మీదికి వచ్చేశాను.

ఇంటికి పోయి మా అత్తతో మొరపెట్టుకున్నాను. ఖాళీ గిన్నె పంపని మనిషి కదా, అవ్వ పక్షం మాట్లాడుతుందనుకున్నాను.

"ఆయప్ప చేసిందే సరి" అంది అత్త. "తల్లి పేరున దానం ఇచ్చి, మళ్ళీ ఆళ్ళ కాడ ఒకటి తీసుకుంటే ఇంగ పుణ్యం యాడ ఉంటాది? అది యాపారం ఐపోతాది."

"మరి పక్కింటి ఓళిగల డబ్బా?"

"అది ఇచ్చిపుచ్చుకునేది. వాళ్ళూ మనమూ ఒకటే గదా."

"ఆ అవ్వ వాళ్ళింటి గిన్నె మనింటికి వస్తే ఏం చేస్తావత్తా?"

అత్తకు నా ప్రశ్నే అర్థం కాలేదు. "వాళ్ళింటి గిన్నె మనింటికి ఎందుకు వస్తాది?" అని చింతపండులో గింజలు తీసుకుంటూ కూర్చుంది.

తరువాతి ఆదివారం ధర్మవరం పోయాను. చెల్లెలి కూతురి పెళ్ళికి చీర చూడాలన్నది ఇంట్లో చెప్పిన సాకు. దాతగారి అంగడి చిన్నదే. తెల్ల పరుపు మీద చీరలు పరిచి ఉన్నాయి. నన్ను గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు, కాఫీ తెప్పించాడు. నేను చీరల మీద చెయ్యేసి, ఆ కంబళి మాట ఎత్తాను. మీరు ఒక్కసారి వచ్చి దాన్ని తీసుకుంటే చాలు, తీసుకుని ఏం చేసుకున్నా సరే, ఆ పిల్ల స్వెటరు వేసుకుంటుంది అని చెప్పాను. ఆయన పరిచిన చీర ఒకటి మడతపెట్టాడు.

"మా అమ్మ సంగతి మీకు తెలీదు మేడమ్" అన్నాడు. తండ్రి పోయినాక తల్లి ఒక సావుకారింట్లో పట్టుదారం చుట్టే పనికి పోయేదట. ఒక చలికాలం ఆ ఇంటి ఇల్లాలు జాలిపడి ఒక పాత శాలువా ఇచ్చింది. ఆ శాలువా పేరు చెప్పి, ఆ తర్వాత ఎన్నో రోజులు ఇంటి చాకిరీ అంతా చేయించుకుంది. అంట్లు తోమినా శాలువా మాటే, పాపను ఎత్తుకోమన్నా శాలువా మాటే. "మా అమ్మ పొయ్యేముందు నా చెయ్యి పట్టుకుని ఒకటే చెప్పింది. రేయ్, చేతనైతే ఇయ్యి, ఇచ్చినాక మాత్రం ఆళ్ళ కాడ చెయ్యి చాపొద్దు అని. గడ్డిపోచ గూడా నేను తీసుకోను మేడమ్. ఆ అవ్వ కంబళి ఎత్తుకోని వచ్చినప్పుడు నాకు మా అమ్మే కనపడింది."

నేను ఇంకేం వాదిస్తాను? పోట్లాడదామని పోయిన మనిషినల్లా, కాఫీ చల్లారిపోతోందని ఆయన గుర్తుచేస్తే తాగి లేచాను. లేస్తుంటే ఆయన లోపలికి పోయి, కవర్లో ఒక కొత్త స్వెటరు తెచ్చాడు. "ఆ పాపకు సైజు సరిపోల్యేమో. ఇది ఇంగొంచెం పెద్దది. నా పేరు చెప్పొద్దులే, మీరే ఇచ్చినట్టు ఇయ్యండి." నేను వద్దనలేకపోయాను. కంబళి ఇప్పించడానికి పోయి రెండో స్వెటరుతో తిరిగొచ్చాను. బస్సులో ఆ కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. తన దగ్గర తీసుకోనివాళ్ళు ఏమిచ్చినా ఒకామె తీసుకోదు. ఒకాయన ఇచ్చి తీసుకోడు. ఇద్దరిలో ఎవరిది తప్పో చెప్పమంటే నాకు తెలియదు, ఇప్పటికీ తెలియదు. నడుమ వణుకుతున్నది మాత్రం ఆ పిల్ల. రెండు స్వెటర్లూ నా బీరువాలోనే ఉండిపోయాయి.

చలి సంగతి అట్లా ఉంచండి, పిల్లలు చలికి ఓర్చుకుంటారు. నేను ఓర్చుకోలేకపోయింది వేరే. శనివారం గుండ్రంగా కూర్చున్నప్పుడు దాని వంతు వచ్చింది.

"ఎవురూ ఏమీ ఇయ్యల్యా మేడమ్. నేనూ ఎవురికీ ఇయ్యల్యా."

మొదటి వారం అలిగిందనుకున్నాను. రెండో వారం కూడా అదే మాట. జేబులు చూస్తే ఖాళీ. రేగ్గాయల కాలం అది, ఊరంతా రేగ్గాయలే. పెన్సిలు విరిగిపోతే పక్కపిల్ల ఇవ్వబోయింది. వద్దంది. విరిగిన ముక్కతోనే రాసుకుంది. పుట్టినరోజు పిల్ల చాక్లెట్లు పంచుతూ దాని దగ్గరికి వస్తే చేతులు వెనక్కి పెట్టుకుంది. "తీస్కోవే" అని ఆ పిల్ల బతిమాలితే, "నా కాడ నువ్వు తీసుకుంటావా?" అని అడిగింది. "నీ కాడ ఏముంది?" అంది పుట్టినరోజు పిల్ల. అది మంచి పిల్లే, మామూలుగా అన్న మాటే. మా పిల్ల తలకాయ దించుకుంది. నేను బల్ల దగ్గరికి పోయి పక్కన కూర్చున్నాను. దానం గురించి, ప్రేమగా ఇచ్చింది తీసుకోవడం గురించి మెల్లగా చెప్పాను. ఎప్పుడూ చెప్పే మాటలే. అది వింది. విని, "సరే మేడమ్" అంది. చేతులు మాత్రం ముందుకు రాలేదు. ఎంతమందికి ఏమేమి నేర్పానో గాని, ఆ పిల్లకు ముందే వచ్చిన గుణం పోకుండా కాపాడటం నాకు చేతకాలేదు.

మాఘమాసం చలిలో ఒక అధికారి మా బడి చూడటానికి వచ్చారు. శనివారమే వచ్చారు. మంచిగుణాల క్లాసు చూస్తానన్నారు. హెడ్మాస్టరు గారు వెనకాల, నేను పక్కన. పిల్లలంతా ఎర్ర స్వెటర్లలో ముచ్చటగా ఉన్నారని ఆయన మెచ్చుకున్నారు. ఆ ఒక్కతి ఎందుకు వేసుకోలేదని అడగలేదు. అడుగుతారేమోనని నేను లోపల చస్తూ ఉన్నాను.

"ఎవరైనా మనకు ఏదైనా ఇస్తే ఏం చేయాలి?" అని అడిగారు.

"థ్యాంక్స్ చెప్పాల సార్!" అని క్లాసు మొత్తం ఒక్క గొంతుతో అరిచింది.

ఆ పిల్ల చెయ్యెత్తింది. చాలా రోజుల తర్వాత ఎత్తింది. ఆయన చెప్పమన్నారు. లేచి నిలబడి, మునుపటి గొంతుతోనే చెప్పింది.

"ముందు, మన కాడ తీసుకుంటారా అని అడగాల సార్."

ఆయన పెద్దగా నవ్వారు. "భలే దానివే!" అన్నారు. నిజంగానే ముచ్చటపడ్డారు. జేబులోంచి తన పెన్ను తీశారు. మంచి పెన్ను, నల్లగా మెరుస్తోంది. "ఇదిగో, నీకే బహుమతి" అని చాపారు. పిల్లలందరూ మెడలు చాచి చూశారు. ఆ పిల్ల కళ్ళు పెన్ను మీదే ఉన్నాయి. దానికి ఎంత కావాలనిపించిందో నాకు కనబడుతూనే ఉంది.

"మీరు నా కాడ ఏమన్నా తీసుకుంటారా సార్?"

నేను ఆయన వైపు చూశాను. అవునని అనండి, మీకు దండం పెడతాను, అవునని ఒక్క మాట అనండి అని మనసులో మొక్కుకున్నాను. పైకి అనాల్సింది. పదిమంది ముందు పై అధికారితో ఎట్లా అనాలో నా నోటికి ఆ నిమిషంలో తోచలేదు.

"నీ దగ్గర నాకేముంటుంది తల్లీ?" అన్నారాయన, ఎంతో ప్రేమగా. తల నిమిరారు.

అది చేతులు వెనక్కి పెట్టుకుంది. చాచిన పెన్ను అట్లాగే ఉండిపోయింది. కాసేపు చూసి, ఆయన దాన్ని తిరిగి జేబులో పెట్టుకున్నారు. నవ్వు తగ్గింది. పోతూ పోతూ నాతో అన్నారు.

"పెద్దవాళ్ళు ఇస్తే తీసుకోవాలని ముందు నేర్పండి మేడమ్."

నేర్పుతాను సార్ అన్నాను. వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ పిల్ల ఇంకా నిలబడే ఉంది. నేను కూర్చోమనలేదు కదా, అందుకని. క్లాసంతా మా ఇద్దరి వైపే చూస్తోంది.

"నేను చెప్పింది తప్పా మేడమ్?"

తప్పంటే వాళ్ళ అవ్వ తప్పయిపోతుంది. కాదంటే, రేపటినుంచి అది చేతులు వెనకే పెట్టుకుని బతుకుతుంది.

"కూర్చోమ్మా" అన్నాను.

కూర్చుంది.